రేడియేటర్లో సముద్రం

డాలీగంజ్‌లో బండి చెడిపోతే రెండు దారులున్నాయి. కంపెనీ వర్క్‌షాపుకు తోలుకెళ్ళి, చెన్నై నుంచి షిప్పులో సామాను దిగేదాకా ఎదురుచూడడం ఒకటి. యిర్మియా షెడ్డుకు తోలుకెళ్ళి తిట్లు తినడం రెండోది. తిట్లు తిన్నా సాయంత్రానికి బండి నడుస్తుంది కాబట్టి జనం ఎక్కువగా రెండోదానికే వస్తారు. వచ్చి, బండి పక్కన తలవంచుకుని నిలబడి, పెట్టింది తినేసి వెళతారు.

యిర్మియాకు అరవై ఒకటో ఏడు. తుని దగ్గర పల్లె నుంచి తాత కలప పనికి వచ్చి దీవిలో ఉండిపోతే, మనవడు ఇక్కడే పుట్టి, పదిహేడో ఏట సర్కారు బళ్ళ షెడ్డులో పనికి కుదిరాడు. ఇరవై ఏళ్ళు చేశాక, పుచ్చిపోయిన బ్రేకు పైపుకు రంగు పూసి పంపించెయ్యమన్నాడని పై అధికారి బల్ల మీద ఆ రంగు డబ్బా బోర్లించి బయటికొచ్చేశాడు. ఆ డబ్బా సంగతి ఇప్పటికీ చెబుతాడు. చెప్పేటప్పుడు కూడా ముక్కు ముడతలు పడుతుంది.

అతనికి అసహ్యం కాని వస్తువు ఈ దీవిలో ఒక్కటీ లేదని భార్య మేరమ్మ అంటుంది. ఆవిడ కాస్త తగ్గించే చెబుతుంది. తీగ చుట్టిన సైలెన్సరు చూస్తే అసహ్యం, కారే చోటల్లా మెత్తే ఎమ్‌సీల్ ముద్ద చూస్తే అసహ్యం, ‘చలేగా’ అన్న మాట చెవిన పడితే మరీ అసహ్యం. చలేగా అంటే నడుస్తుందిలే, సరిపోతుందిలే, ఇప్పటికి గడిస్తే చాలులే. ఈ ఊళ్ళో తెలుగువాడూ బెంగాలీవాడూ తమిళంవాడూ ఒక్క తాటి మీద నిలబడే మాట అదొక్కటే. ఆదివారం తెలుగు చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు ఒక మెట్టు తప్పినా యిర్మియా మొహం చిట్లిస్తాడు. దేవుడి ముందు కూడా చలేగా ఏమిటని అతని బాధ.

ఇంత కంటగింపు ఉన్న మనిషికి ఎంతో కొంత గర్వమూ ఉంటుంది. యిర్మియా గర్వమంతా ఒకే మాటలో ఉంది. “నా చెయ్యి పడ్డ బండి అదే రోగంతో మళ్ళీ నా గుమ్మం తొక్కదు” అంటాడు. షెడ్డు పెట్టిన నాటి నుంచి ఆ మాట అంటున్నాడు, నిలబెట్టుకుంటూనే ఉన్నాడు. ఊరు అతని నోటిని భరించేది ఆ మాట కోసమే.

మే నెల మొదటి వారంలో ఒక పొద్దున్న ఆ మాటకు ముప్పు వచ్చింది.

అప్పటికి షెడ్డులో సురేష్ బాబు ఉన్నాడు. చర్చి సంఘంలో పెద్దమనిషి. స్కూటరు బ్రేకు బిగించుకోవడానికి వచ్చి, పాత టైరు మీద కూర్చుని ఊరి కబుర్లు చెబుతున్నాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. డాలీగంజ్‌లో శనివారం ఎవరింట్లో చెంబు దొర్లినా ఆదివారం ప్రార్థన ముగిసేసరికి అందరికీ తెలుస్తుందంటే, అది సురేష్ బాబు సేవే.

చేపల పికప్ ఒకటి మలుపు తిరిగి, బానెట్ కింద నుంచి ఆవిరి కక్కుకుంటూ షెడ్డు ముందు ఆగింది. దాని కంటే ముందే దాని వాసన వచ్చింది. తోలుతున్నది సాయిలక్ష్మి. బ్రూక్షాబాద్‌లో ఉండే మల్లేశు, కామమ్మల కూతురు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తండ్రి డింగీ పడవ మీద వేటకు పోతాడు, తల్లి జెట్టీ దగ్గర చేప అమ్ముతుంది, మిగిలిన సరుకు ఈ పిల్ల పికప్‌లో వేసుకుని తుష్నాబాద్ వైపు ఊళ్ళకు తోలుతుంది. ఆడపిల్ల చేతికి బండి ఏమిటని ఇంట్లో పెద్ద గొడవే అయింది. పోయినేడు తాళం ఆమె చేతికొచ్చింది.

సురేష్ బాబు బండి నంబరు చూసి, ఎంతో మృదువుగా, “ఇది మార్చిలో మీరు బాగుచేసిన బండే కదన్నా? అప్పుడూ నీళ్ళు కారడమేనా?” అన్నాడు.

యిర్మియా బండి వైపు నడిచాడు. మార్చిలో ఈ బండికి కింది గొట్టం పగిలి నీళ్ళన్నీ పోతే, కొత్త గొట్టం వేసి పంపింది తనే. ఇప్పుడు మళ్ళీ నీళ్ళే పోతున్నాయి. అదే రోగం. అదీ సురేష్ బాబు కళ్ళ ముందు.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు, పిల్ల మొహం చూడకుండా.

“పంద్రా దిన్ అయిందంకుల్. పొద్దున్న నిండా పోస్తే తుష్నాబాద్ చేరేసరికి వేడి ముల్లు ఎర్రలోకి ఎక్కేస్తోంది.”

“పదిహేను రోజులు ఏం చేస్తున్నావు? గుడ్లు పొదుగుతున్నావా?”

ఆమె బండి దిగింది.

బానెట్ ఎత్తగానే యిర్మియా ముక్కు మూసుకున్నాడు. చేపల పెట్టెల్లో మంచు కరిగి, ఆ నీచు నీళ్ళు బండి వెనక తొట్టి అంచు నుంచి ఛాసిస్ వెంబడి కారి ఇంజను కింద దాకా వచ్చాయి. బోల్టు తలల మీద చేప పొలుసులు అతుక్కున్నాయి. కింద నేల మీద మడుగు కట్టింది గానీ, అందులో మంచు నీళ్ళెన్నో రేడియేటరు నీళ్ళెన్నో ఆ దేవుడికే తెలియాలి. రేడియేటరు కింది అంచున ఎమ్‌సీల్ ముద్దలు వరసగా మెత్తి ఉన్నాయి. వాటి మీద వేలిముద్రలు కూడా ఉన్నాయి.

“ఛీ” అన్నాడు. “ఇది బండా, పుండా? ముందు దీన్ని కడుగు. చేపలు దింపి ఆ చెట్టు నీడన పెట్టు. ఈ కంపులో నా చెయ్యి కూడా నాకు కనిపించదు.”

సాయిలక్ష్మి పెట్టెలు దింపి, గోనె కప్పి, కింద అంతా చీపురుతో రుద్ది తుడిచింది. ఇంజను చల్లారేదాకా రేడియేటరు మూత తియ్యకూడదు కాబట్టి అరగంట ఆగారు. ఆ అరగంటా యిర్మియా బండి చుట్టూ తిరిగాడు. మొదట పాకి చూసింది తన గొట్టాన్నే. వేలు పెట్టి పైనా కిందా తడిమాడు. పొడిగా ఉంది, పట్టీ బిగువుగా ఉంది. గుండె కుదుటపడింది. రోగం తన పనిలో లేదు, ఇంకెవడిదో పాపం అనుకున్నాడు. ఆ ఇంకెవణ్ణి పట్టుకుని సురేష్ బాబు ముందు నిలబెడితే తన మాట తనకుంటుంది.

మూత తిప్పాడు. లోపల నీళ్ళకు బదులు పప్పుచారులాంటిది కనిపించింది. పసుపు కలిసిన తుప్పు బురద. మూత అంచున తెల్లగా పెచ్చు కట్టి ఉంది.

“పసుపు కూడా వేశావా?”

“అందరూ వేస్తారు కదంకుల్. హల్దీ వేస్తే ఛేద్, అదే చిల్లు, మూసుకుపోతుందని జెట్టీలో డ్రైవర్లు చెప్పారు.”

“కరివేపాకు వెయ్యలేదే? పోపు పెట్టలేదే? ఛీ, ఛీ.”

సురేష్ బాబు నవ్వి, ఈ పని ఇప్పట్లో తెమిలేది కాదని గ్రహించి, టీ తాగొస్తానని రోడ్డు దాటి వెళ్ళాడు. యిర్మియా ఆ బురదంతా ఒక పాత తొట్టిలోకి వంపేశాడు. తాత్కాలికంగా నీళ్ళు నింపి, తను సొంతంగా చేసుకున్న సాధనం తెచ్చాడు. అది ఒక పాత రేడియేటరు మూత, దానికి అతికిన సైకిలు ట్యూబు వాల్వు. మూత బిగించి సైకిలు పంపుతో గాలి కొడితే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ చిల్లుంటే అక్కడ నీరు పైకి తేలుతుంది. ఎమ్‌సీల్ ముద్దలు చాకుతో గీకి, పది పోట్లు కొట్టి చెవి ఆనించాడు.

ఒక చిల్లు కాదు. రేడియేటరు కింది వరసంతా చెమట పట్టినట్టు చుక్కలు తేలాయి. తొమ్మిది దాకా లెక్కపెట్టి మానేశాడు. నీళ్ళ పంపు ఇరుసు దగ్గర కూడా ఒక ధార సన్నగా జారుతోంది. రాయి తగిలితే ఒకచోట పగులుతుంది. గొట్టం ముదిరితే ఒకచోట చిట్లుతుంది. ఇలా ఒళ్ళంతా పుచ్చిపోవడం అతను బళ్ళలో చూసింది తక్కువ. పడవ సామానులో చాలాసార్లు చూశాడు.

తొట్టిలోని బురదలో చూపుడువేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఇది పాత మేస్త్రీల పద్ధతి. తియ్యగా ఉంటే కూలెంటు, నూనె తగిలితే ఇంజను తల పగిలినట్టు. ఈ రెండూ కాక మూడో రుచి తగిలింది. తుపుక్కున ఉమ్మి, మళ్ళీ ఉమ్మాడు.

ఉప్పు. కటిక ఉప్పు.

“దీంట్లో సముద్రం నీళ్ళు ఎవడు పోశాడు?”

సాయిలక్ష్మి చీపురు గోడకు ఆనించింది. “నేనే అంకుల్.”

యిర్మియా నోరు తెరిచాడు, ఇక ఆగలేదు. ఉప్పునీళ్ళు ఇనుమును ఏం చేస్తాయో ఒడ్డున పుట్టిన పిల్లకు తెలియదా అన్నాడు. ఇంటి పైకప్పు రేకు ఆరేళ్ళు ఆగదని కళ్ళతో చూస్తున్నావు కదా అన్నాడు. ఏ గాడిద చెప్పాడు నీకు, ఆ చెప్పినవాణ్ణి తీసుకొచ్చి ఈ బురద గ్లాసుడు తాగించాలి, వాడికి చదువు లేదు, బుద్ధి లేదు, నోరు మాత్రం ఉంది, అలాంటివాళ్ళ వల్లే బళ్ళు ఇలా తయారవుతున్నాయి అన్నాడు. మనసారా తిట్టాడు. తిట్టినకొద్దీ హాయిగా కూడా ఉంది.

ఆమె చివరిదాకా విని, మెల్లగా, “మీరే చెప్పారంకుల్” అంది.

“నేనా?”

“మార్చిలో. గొట్టం వేశాక నేను అడిగాను. మీరు ఆ నీలం జీపు కింద ఉన్నారు, మీ పాదాలే కనిపించాయి. నల్లా మూడు రోజులకోసారి వస్తోంది, ఇంట్లో తాగడానికే లేదు, పానీ తగ్గితే దీంట్లో ఏం పొయ్యాలి అన్నాను. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని నన్నడుగుతావేమిటి, ముంచి పొయ్యి అన్నారు.”

యిర్మియాకు గుర్తొచ్చింది. మొత్తం రాలేదు. జీపు కింద వెల్లకిలా పడుకుని ఉండగా కంట్లో మడ్డి పడడం, ఎవరో పిల్ల ఏదో చిన్నపిల్లలడిగే ప్రశ్న అడగడం, విసుగుతో నోటికొచ్చింది అనెయ్యడం గుర్తొచ్చింది. అది ఎత్తిపొడుపు. తుని నుంచి తాత తెచ్చిన భాషలో, ఎవడైనా తెలివితక్కువ ప్రశ్న వేస్తే అలాగే అంటారు. అన్నవాడూ మరిచిపోతాడు, విన్నవాడూ నాలుక కరుచుకుని పోతాడు.

“అది వెటకారం. అంతమాత్రం తెలీదా?”

“తెలీలేదంకుల్. మజాక్ అనుకోలేదు. మా డింగీ ఇంజను సముద్రం పానీయే తాగుద్ది కదా. నాయన చిన్నప్పటి నుంచీ దాన్ని అలాగే నడుపుతున్నాడు. ఇదీ అలాగే అనుకున్నా.” ఆమె గొంతులో నిందేమీ లేదు. జరిగింది చెబుతోంది, అంతే. “జెట్టీ దగ్గర డీజిల్ తేలుతుంది కదా. అందుకని పానీ తగ్గినప్పుడల్లా పొద్దున్నే రాళ్ళ దాకా పోయి, శుభ్రమైన నీళ్ళు ముంచి, గుడ్డలో వడగట్టి పోశాను.”

వడగట్టి పోసిందట.

“మరి పదిహేను రోజుల కిందట కారడం మొదలైనప్పుడే రావచ్చు కదా?”

“మీరు తిడతారని.”

ఇంతసేపూ ఎవడో గాడిదను తిట్టిన తిట్లన్నీ యిర్మియాకు వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ వృథా పోలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత అతను చాలాసార్లు ఇతరుల మీద ప్రయోగించాడు. తొట్టిలో పసుపు బురద వైపు చూస్తే రోత పుట్టింది. ఈసారి ఆ రోత బురద మీద కాదు. తన మీద తనకే పుట్టింది. అది అలవాటు లేని రోత కాబట్టి ఎక్కడ ఉమ్మాలో తెలియలేదు.

సరే, పని చేద్దాం అనుకున్నాడు. పని చేసేస్తే తీరిపోతుంది. మేస్త్రీ తప్పుకు పనే జవాబు, మాటలెందుకు. షెడ్డు వెనక అదే రకం పికప్ ఒకటి శవమై పడి ఉంది, విడిభాగాల కోసం కొన్నది. దాని రేడియేటరూ నీళ్ళ పంపూ ఊడదీశాడు. రెండూ బాగానే ఉన్నాయి. సాయిలక్ష్మి అడగకుండానే పానాలు అందించింది. తనకు కావలసిన కొలత పానా ప్రతిసారీ సరిగ్గా చేతికొస్తోందని అతను గమనించాడు. అది కూడా అతనికి నచ్చలేదు. పిల్ల తెలివితక్కువదైతే బాగుండేది.

అసలు చిక్కు ఇంజను దగ్గర వచ్చింది. కొత్త రేడియేటరు వేసి లాభం లేదు. ఇంజను లోపలి దారుల్లో ఉప్పు పేరుకుని ఉంది. దాన్ని మంచినీళ్ళతో కడగాలి. ఒకసారి కాదు, ఉప్పు రుచి పోయేదాకా. ఇంట్లో రెండు డ్రమ్ముల నీళ్ళున్నాయి. నల్లా వచ్చేది ఎల్లుండి.

డ్రమ్ము దొర్లించుకుంటూ అతను వస్తుంటే మేరమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ఏంటది? వంటకి ఏం పొయ్యమంటారు?”

“ఒకటి ఉంచాను.”

“చేపల బండికి మన తాగే నీళ్ళా? ఎవరి పాపానికి?”

యిర్మియా డ్రమ్ము ఆపలేదు. మేరమ్మకు భర్తతో ముప్పై నాలుగేళ్ళ పరిచయం. తిట్టకుండా వెళుతున్నాడంటే ఏదో అయిందని ఆవిడకు అర్థమైంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరికే అన్నారా అని గోడతో చెప్పి లోపలికి పోయింది.

నింపాడు, ఇంజను నడిపాడు, వంపాడు. మొదటిసారి టీ రంగులో వచ్చింది. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పు. ఉమ్మాడు. మళ్ళీ నింపాడు. రెండోసారీ ఉప్పే, దాంతో పాటు పసుపు చేదు, తుప్పు, ఎక్కడో నీచు. ఆ వాసన తనకు పడదని వీధి వీధంతా తెలిసిన మనిషి, ఆ నీళ్ళు మళ్ళీ మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. “నేను చూస్తానంకుల్” అని సాయిలక్ష్మి వేలు ముంచబోతే చెయ్యి తోసేశాడు. ఆరోసారికి నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి. అప్పటికి డ్రమ్ము అడుగంటింది, మధ్యాహ్నం రెండు దాటింది, చెట్టు కింద పెట్టెల్లో మంచు సగమైంది.

రేడియేటరు బిగించాడు, పంపు బిగించాడు. మిగిలిన మంచినీళ్ళలో కూలెంటు కలిపి పోశాడు. గాలి కొట్టి చూస్తే ఒక్క చుక్క కూడా తేలలేదు. ఇంజను నడిపి ముల్లు మధ్యలో నిలబడేదాకా చూశాడు. నిలబడింది. హమ్మయ్య, తీరిపోయింది అనుకున్నాడు. ఇక ఆ పిల్ల వెళ్ళిపోతే చాలు.

ఆ పిల్ల వెళ్ళేలోపే కామమ్మ వచ్చింది. బస్సు దిగిన మనిషికి టీ కొట్టు దగ్గర సురేష్ బాబు ఎదురై దారి చూపించాడట. ఆమె వెనకాలే టీ గ్లాసుతో అతనూ వచ్చాడు. కామమ్మ చీర చెంగు నడుముకు చుట్టి ఉంది, చేతులకు ఇంకా పొలుసులున్నాయి. రాగానే బండిలోకి చెయ్యి పెట్టి తాళం లాక్కుంది.

“తుష్నాబాద్‌లో జనం ఎదురుసూసి ఎలిపోనారంట. మీ నాయన సెప్పీసినాడు. ఇంక బండి పైడిబాబు తోల్తాడు. నువ్వు ఇంటికాడ ఉండు.”

పైడిబాబు ఆమె బావగారి కొడుకు. తాళం కోసం ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. సాయిలక్ష్మి మొహంలో రక్తం లేదు.

కామమ్మ యిర్మియా వైపు తిరిగింది. “మేస్త్రీ, నిజిం సెప్పు. ఏటి పాడయినాది? గుంట సేతి పనేనా?”

“ఉప్పునీళ్ళు పోశారు. లోపలంతా పుచ్చిపోయింది” అన్నాడు యిర్మియా. అది నిజమే. అంతవరకూ నిజమే.

“ఒలే, ఉప్పునీల్లు పొయ్యమని ఎవులు సెప్పినారే నీకు?”

సాయిలక్ష్మి యిర్మియా వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ, “మొబైల్లో చూశానమ్మా” అంది.

“అదీ సంగతి” అన్నాడు సురేష్ బాబు. “ఈ కాలం పిల్లలు పెద్దల్ని అడుగుతారా? అన్నీ మొబైలే. మన యిర్మియన్న లాంటివాళ్ళని ఒక్క మాట అడిగితే పోయేదా?”

యిర్మియా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు. పిల్లే చెప్పింది, సాక్షి కూడా ఉన్నాడు. ఆదివారం చర్చిలో అతని మాట చెక్కు చెదరకుండా ఉంటుంది. అలవాటు బలమైంది, నోటి చివర ‘ఛీ, మొబైలు చదువులు’ అన్న మాట తయారుగా వచ్చి కూర్చుంది. ఆ మాట రుచి తెలిసింది. డ్రమ్ముడు నీళ్ళతో కడిగినా పోని రుచి అది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల చేతిలోని తాళం పోగొట్టుకుని తన పరువు కాపాడుతోంటే, తను దాన్ని చేతులు చాచి పుచ్చుకుంటున్నాడు. పుచ్చిన పైపు మీద పూసిన రంగుకూ దీనికీ తేడా ఏముంది.

“మొబైల్లో కాదు. నేనే చెప్పాను” అన్నాడు.

సురేష్ బాబు టీ గ్లాసు కింద పెట్టాడు.

“మార్చిలో ఏ నీళ్ళు పొయ్యాలని అడిగింది. సముద్రం ఉంది కదా, ముంచి పొయ్యమన్నాను. వెటకారానికి అన్నాను. ఆమె తప్పేం లేదు. మేస్త్రీ చెప్పినట్టు చేసింది. ఈ బండి పాడుచేసింది నేను.”

కామమ్మ తిట్టి ఉంటే యిర్మియాకు సుఖంగా ఉండేది, తిట్ల మార్గం అతనికి తెలుసు. ఆమె బండి వంక చూసింది, ఖాళీ డ్రమ్ము వంక చూసింది, తర్వాత అతని మొహంలోకి చూసి, గొంతు పెంచకుండా మాట్లాడింది.

“నీటి మీద ఇంజను గురించి ఎవులూ ఏలాకోలం ఆడరు మేస్త్రీ. ఆడితే మనిసి తిరిగి రాడు. ఇంజను సంగతి తెలిసినోడు ఒక మాట సెప్తే, ఎందుకని అడక్కుండా సెయ్యాలని మా పిల్లలికి మేం నేర్పుతాం. దానికీ అదే నేర్పినాం. నీకాడికి అంపినప్పుడు అది మరిసిపోయి ఎల్లమని సెప్పాల్సింది. సెప్పలేదు. మా తప్పే.”

నలభై ఏళ్ళకు పైగా యిర్మియా ఎందరినో తిట్టాడు. వాటిలో ఒక్క తిట్టయినా ఎవరికైనా ఇంత లోతుగా దిగి ఉంటుందా అంటే, దిగి ఉండదు.

కామమ్మ తాళం కూతురి అరచేతిలో పెట్టి, చెట్టు కింద పెట్టెల దగ్గరికి నడిచింది. గోనె ఎత్తి చేపల మొప్పలు తెరిచి చూసి, ఇంకా ఎరుపు ఉంది, బేగి ఎక్కించండి అంది. సురేష్ బాబు కూడా ఒక పెట్టె పట్టాడు. అతని కళ్ళు మాత్రం ఇటే ఉన్నాయి. ఈ కబురు ఆదివారం దాకా కూడా ఆగదని యిర్మియాకు తెలుసు.

సాయిలక్ష్మి సీట్లో కూర్చుని, తాళం పెట్టి, తిప్పకుండా ఆగింది. కిటికీలోంచి తల బయట పెట్టింది.

“అంకుల్, నీళ్ళు తగ్గితే మరి ఏం పొయ్యాలి?”

అదే ప్రశ్న. యిర్మియా చేతిలో పానా కింద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. మంచినీళ్ళు, మీఠా పానీ, మనుషులు తాగేవి. అవి లేకపోతే వాన నీళ్ళు పట్టి ఉంచుకోవాలి, అవీ లేకపోతే బండి ఆపి నాకు ఫోను చెయ్యాలి. ఉప్పునీళ్ళు ఒక్క చుక్క కూడా వద్దు. ఇంజను వేడిగా ఉండగా మూత తియ్యొద్దు.

ఆమె ఫోను తీసి హిందీలో రాసుకుంది. రాసి, కాస్త బెదురుతూ, “ఇది మజాక్ కాదు కదంకుల్?” అంది.

“కాదమ్మా” అన్నాడు యిర్మియా. “ఇంకోసారి చెబుతాను, రాసింది సరిచూసుకో.”